తిరుగుటపా గారి కిటికీ

తిరుగుటపా గారు బుద్ధెరిగాక ఏ కాగితాన్నీ మొదటిసారే పుచ్చుకున్న పాపాన పోలేదు. అది దరఖాస్తు కావచ్చు, ఉత్తరం కావచ్చు, మందుల చీటీ కావచ్చు, ముందు తిప్పి పంపవలసిందే. ఆయన అసలు పేరు కాలేజీ హాజరు పట్టీలో ఎక్కడో ఉండే ఉంటుంది. దాన్ని చూసినవాళ్ళు మాత్రం లేరు.

ప్రవేశాల విభాగంలో నాలుగో నంబరు కిటికీ ఆయనది. ఇనుప చువ్వలు, వాటి కింద చెయ్యి పట్టేంత సందు, సందు వెనక ఒక చెక్క స్కేలు, ఒక ఎర్ర పెన్సిలు, ఒక భూతద్దం, వాటి వెనక ఆయన ముక్కు. ముప్పై ఏళ్ళుగా విద్యార్థులకు ఆయన మనిషిలో కనబడిన భాగం ఆ ముక్కు ఒక్కటే.

ఒకసారి ప్రిన్సిపాలు గారు జ్వరమొచ్చిందని సెలవు చీటీ పంపితే, "ఎన్ని డిగ్రీలు?" అని ఎర్ర పెన్సిలుతో రాసి తిప్పి పంపారట. ప్రిన్సిపాలు గారు కొలిపించుకుని మళ్ళీ పంపేసరికి జ్వరం తగ్గిపోయింది. "కారణం ప్రస్తుతం అమలులో లేదు" అని ఆ చీటీ కూడా వెనక్కి వచ్చింది. పెళ్ళికి ముందు కాబోయే భార్య రాసిన మొదటి ఉత్తరాన్ని తేదీ లేదని పంపించేశారు. ఆవిడ తేదీ వేసి, "మిగతా లోపాలు పెళ్ళయ్యాక చెప్పుకుందాం" అని అడుగున ఒక ముక్క చేర్చింది. వీధి చివరి డాక్టరు రాసిచ్చిన మందుల చీటీని నాలుగుసార్లు తిప్పగొట్టేసరికి, పాపం ఆ డాక్టరు ఇప్పుడు అచ్చుయంత్రం సిగ్గుపడేలా రాస్తున్నాడు. వీటిలో సగం అబద్ధమనుకున్నా మిగతా సగం చాలు.

అలాంటి కిటికీ ముందుకు ఆ ఏడాది ఒక పళ్ళ డాక్టరు గారి అమ్మాయి వచ్చి నిలబడింది. ఆ కాలేజీలో దంతవైద్యం నుంచి సంగీతం దాకా అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. ఏ విభాగమో ఫారంలో పదిహేడో గడిలో రాయాలి. శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు గడువు. ఫారం పుచ్చుకున్నాక ఆ గడిలో పడినది ఇక మారదు.

అమ్మాయి ఫారంలో అది ముందే పడిపోయింది. వాళ్ళ నాన్న గుండ్రటి అక్షరాలతో "దంతవైద్యం" అని రాసేశారు. ఆయన ఆస్పత్రి గదిలో రెండు కుర్చీలు ఉన్నాయి. ఒకటి రోగులది. రెండోది అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు తెప్పించి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా ఉంచినది. "అది మా అమ్మాయి కుర్చీ" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. వాళ్ళు నోరు తెరుచుకుని ఉండటంవల్ల ఏమీ అనలేకపోయేవారు.

అమ్మాయికి పళ్ళమీద పగేమీ లేదు. ఆమె ప్రాణమంతా రాళ్ళమీద ఉంది. చెప్పుల పెట్టెలో ఏభై మూడు రాళ్ళు దాచుకుంది. రోడ్డుకోసం కొండను తవ్విన చోట బస్సు మలుపు తిరిగితే, కిటికీలోంచి తల బయట పెట్టి మట్టి పొరలు లెక్కపెట్టేది. భూగర్భశాస్త్రం చదవాలని ఆమె కోరిక. ఆ మాట తండ్రితో అనబోయినప్పుడల్లా ప్లాస్టిక్ కవరు కింద ఆ కుర్చీ కనబడి గొంతులోనే ఆగిపోయేది.

మొదటిరోజు కిటికీ సందులోంచి ఒక చిన్న కాగితం ముక్క బయటికి వచ్చింది.

"కలం పరీక్ష" అంది ముక్కు. "ఏదో ఒకటి గియ్యి. సిరా అల్లుకుంటుందేమో చూడాలి."

అమ్మాయి ఆలోచించకుండా ఒక కొండ గీసి, దానికి అయిదు పొరలు పెట్టింది. తిరుగుటపా గారు ఆ ముక్కను భూతద్దంతో చూశారు. తరవాత ఫారం చూశారు. మళ్ళీ ముక్కను చూశారు.

"ఫోటోలో ఎడమ చెవి లేదు."

"ఉంది సార్. జుట్టు కింద ఉంది."

"ఉందని నాకు నమ్మకమేనమ్మా. కాగితానికి నమ్మకం కలగాలిగా? కొత్త ఫారం నింపుకురా."

రెండోరోజు రెండు చెవులతో వెళ్ళింది. మళ్ళీ కలం పరీక్ష. ఈసారి ఏటి గులకరాయి గీసి, దాని మధ్యనుంచి తెల్లటి చార తీసింది.

"ఫారం మడత పడింది."

"సంచీలో పట్టలేదు సార్."

"పెద్ద సంచీ తెచ్చుకో. భవిష్యత్తును మడతపెట్టి తిరుగుతారా ఎవరైనా?"

ఇంట్లో వాళ్ళ నాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "ఆ మనిషి ఇంకా ఉన్నాడా? నన్ను ఆరుసార్లు తిప్పాడమ్మా! మా నాన్న నన్ను ప్లీడరును చెయ్యాలని ఫారం నింపి ఇచ్చాడు. కామా సరిగ్గా లేదంటాడు, కాగితం వాసన వస్తోందంటాడు. ఏడోసారి ఒళ్ళుమండి నేనే నింపి, దంతవైద్యం అని రాసి ఆ కిటికీలోకి విసిరికొట్టాను. నోరు మూసుకుని తీసుకున్నాడు. మొండికేస్తేనే దారికొస్తాడు అలాంటివాడు!"

ఈ కథ ఆ ఇంట్లో వారానికి రెండుసార్లు అన్నంతోపాటు వడ్డించబడేది. ప్రతిసారీ ఆయన మొండితనం కాస్త పెరుగుతూ వచ్చేది.

"మరి మీ నాన్న రాసింది కాదని మీరు రాసుకున్నారుగా. దాన్ని కూడా ఓసారి అడక్కూడదుటండీ?" అంది అమ్మాయి తల్లి.

"దాన్ని అడిగేదేముంది? దానికి పళ్ళంటే ప్రాణం! ఏమ్మా?"

అమ్మాయి నోటినిండా అన్నం పెట్టుకుంది.

మూడోరోజుకు వరసలో అందరూ ఒకరికొకరు చుట్టాల్లా అయిపోయారు. ఆ వరసలో పరిచయమై పెళ్ళిళ్ళు చేసుకున్న జంటలు మూడున్నాయని చెప్పుకుంటారు. ఆమె ముందున్నవాడు నిరుడు కామర్సుకోసం వచ్చి, ఎనిమిదోసారికి సంగీతంలో చేరి బయటపడ్డ వాళ్ళన్నయ్య కథ చెప్పాడు. "ఎలా జరిగిందో వాడికీ తెలీదండీ. ఇప్పుడు మాత్రం ఇంట్లో రోజంతా వయొలినే. మా నాయనమ్మకు కాస్త చెవుడు కాబట్టి బతికిపోయింది."

"ఫారం రాసిందెవరు?" అడిగింది ముక్కు.

"మా నాన్నగారు."

"సంతకం?"

"నాదే సార్."

"కిందికి జారుతోంది. కలం పరీక్షలో బాగానే ఉన్నావు, ఇక్కడికొచ్చేసరికి జారిపోతున్నావు. నువ్వే రాసుకురా."

అమ్మాయి ఆ మాట ఇంట్లో చెప్పింది. "నీ రాత చూస్తే వాడికి ఇంకో నెలకు సరిపడా సాకులు దొరుకుతాయి" అని వాళ్ళ నాన్న స్కేలు పెట్టి మరీ తనే రాశారు. నాలుగోరోజు తిరుగుటపా గారు ఆ ఫారాన్ని వెలుతురుకు పట్టి చూశారు, తలకిందులుగా చూశారు, స్కేలుతో అంచులు కొలిచారు.

"ఏమైనా తప్పుందా సార్?"

"ఏ తప్పూ లేదు. అదే అనుమానంగా ఉంది. మళ్ళీ రాసుకురా."

శుక్రవారం మధ్యాహ్నం అయిదో ఫారం కూడా తిరిగొచ్చింది. గడువుకు ఇంకా గంటన్నర ఉందనగా పళ్ళ డాక్టరు గారు ఒక రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, "పెద్దగా తెరవండి, ఇప్పుడే వస్తాను" అని చెప్పి, తెల్లకోటు తియ్యకుండానే కాలేజీకి పరిగెత్తారు. అమ్మాయి వెనకాల పరిగెత్తింది. వరస కదిలి కిటికీ చేరేసరికి నాలుగున్నరయింది.

"ఏమయ్యా!" అన్నారు చువ్వలు పట్టుకుని. "నన్ను ఆరుసార్లు తిప్పావు, ఊరుకున్నాను. ఇప్పుడు నా కూతురా? తీసుకుంటావా, ప్రిన్సిపాలు దగ్గరికి పదమంటావా?"

"వెళ్ళండి. మీ ఫిర్యాదులో తేదీ మాత్రం మరిచిపోకండి. ఈలోగా ఇవి చూసుకోండి. జతపరచిన కాగితాలు." సందులోంచి గుండుసూది గుచ్చిన అయిదు ముక్కలు బయటికి వచ్చాయి.

డాక్టరు గారు ఒక్కొక్కటే తిప్పారు. పొరల కొండ. గులకరాయి. చీలిన బండ. గవ్వ అచ్చు దిగిన రాయి. ఆఖరి దానిలో ఒక చిన్న సుత్తి, పక్కన కొండ. ఆయన రెండు వైపులా చూశారు.

"ఒక్క పన్నయినా లేదేం?"

"నేనూ అయిదు రోజులనుంచీ వెతుకుతున్నాను" అన్నారు తిరుగుటపా గారు. "ఆ బొమ్మలేమిటో నాకు తెలీదు. గీసినవాళ్ళనే అడగండి."

అమ్మాయి చువ్వలకేసి చూసింది. గోడ గడియారంకేసి చూసింది. చూడటానికి ఇంకేమీ మిగలక నాన్నకేసి చూసింది.

"రాళ్ళు నాన్నా. నాకు రాళ్ళు చదవాలని ఉంది. భూమి లోపల ఏముందో, ఎప్పటినుంచి ఉందో చూడాలని ఉంది. చాలాసార్లు చెప్దామనుకున్నాను. కానీ..."

"కానీ?"

"కుర్చీ ఉందిగా."

డాక్టరు గారు అయిదు ముక్కల్నీ మళ్ళీ ఒక్క కట్టగా సర్దారు. "అవును, మరి కుర్చీ?" అన్నారు తరవాత. ఆయన గొంతు ఆట మధ్యలో బంతి పోగొట్టుకున్న పిల్లవాడి గొంతులా ఉంది.

తిరుగుటపా గారు స్కేలు తుడుస్తూ, గోడతో మాట్లాడుతున్నట్టు అన్నారు. "పాతికేళ్ళ కిందట ఒకబ్బాయి వచ్చాడు. ఫారంలో 'న్యాయశాస్త్రం' అని పెద్దవాళ్ళ చేతిరాత. కలం పరీక్షకు ముక్క ఇస్తే పన్ను గీశాడు. మర్నాడు ఇంకో పన్ను. ఆరుసార్లకు ఆరు పళ్ళు. అందులో ఒక దవడ పన్నుకు మూడు వేళ్ళు పెట్టి, ఒకటి మరీ వంకరగా గీశాడు."

"వంకరేమిటి?" అన్నారు డాక్టరు గారు గభాలున. "పై దవడ పన్నుకు వేళ్ళు అలాగే ఉంటా..."

రోగులందరూ ఆయన ఎదుట ఎలా ఉంటారో, ఆయన నోరు ఇప్పుడు అలా ఉంది. భోజనాల దగ్గర చెప్పే కథలో తను చూపించిన మొండితనమంతా ఎవరిదో ఆయనకు అప్పుడు అర్థమైంది.

"అంటే... ఆ కామా సంగతి?"

"కామా బాగానే ఉంది."

"కాగితం వాసన?"

"అది నిజంగానే వచ్చింది."

అయిదుకు పది నిమిషాలు తక్కువైంది. డాక్టరు గారు కొత్త ఫారం ఒకటి తీసుకున్నారు. అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీసి, మూత విప్పి, పేరు దగ్గర పెట్టబోయి ఆగారు. కలాన్ని కూతురి చేతికిచ్చి రెండడుగులు వెనక్కి జరిగారు. ఆ రెండడుగుల దూరంనుంచే మెడ చాచి చూస్తూ, "చెవులు కనబడే ఫోటో అంటించు" అన్నారు.

అమ్మాయి చకచకా నింపింది. పదిహేడో గడిలో "భూగర్భశాస్త్రం" అని రాసింది. సంతకం పైకి ఎక్కుతూ పోయి గడి దాటింది. కలం పరీక్ష ముక్కమీద ఏదో గీసి ఫారంతోపాటు లోపలికి తోసింది.

తిరుగుటపా గారు భూతద్దం పెట్టారు. ముక్కమీద ఒక పన్ను ఉంది. ఆయన పదిహేడో గడి చూశారు. మళ్ళీ పన్ను చూశారు. ఎర్ర పెన్సిలు పైకి లేచింది.

"సార్! సార్! అది మా నాన్నకోసం గీశాను!"

డాక్టరు గారు చువ్వల్లోంచి తొంగి చూశారు. "వేరు వంకరగా గీసింది" అన్నారు. ఆయన కళ్ళు కొంచెం మెరుస్తున్నాయి.

ఎర్ర పెన్సిలు నెమ్మదిగా కిందికి దిగింది. కొత్త చేతిరాతతో మొదటిసారి వచ్చిన ఫారాన్ని తిప్పి పంపకుండా ఉండటానికి తిరుగుటపా గారు ఎంత బాధపడ్డారో ఆ ముక్కు చెప్పింది. అది ఎర్రబడింది, అదిరింది, చివరికి ఒకసారి గట్టిగా తుమ్మింది. అయిదుకు ఒక్క నిమిషం ఉందనగా ముద్ర పడింది.

"అమ్మయ్య!" అన్నారు డాక్టరు గారు. అని, రెండో క్షణంలో తల పట్టుకున్నారు. "అయ్యో, ఆయన నోరు!"

ఆ రోగి నోరు మూతపడటానికి మర్నాటిదాకా పట్టిందంటారు.

రెండో కుర్చీమీద ప్లాస్టిక్ కవరు తీసేసి, డాక్టరు గారే చెప్పుల పెట్టెలోంచి ఏభై మూడు రాళ్ళూ తెచ్చి వరసగా పేర్చారు. వచ్చినవాళ్ళు వాటికేసి భయంగా చూసి, "ఎవరి నోట్లోంచి తీశారండీ?" అని అడుగుతుంటారు. "మా అమ్మాయివి" అంటారు ఆయన గర్వంగా. ఆ మాటతో ఇద్దరు ముగ్గురు రోగులు అప్పటికప్పుడే లేచి వెళ్ళిపోయారు కూడా.

నాలుగేళ్ళకు అమ్మాయి ఎక్కడో కొండల్లో ఉద్యోగంలో చేరింది. మొదటి నెలలో తను తవ్వి తీసిన నున్నటి నల్లరాయి ఒకటి, కాగితాలమీద బరువుగా పెట్టుకోవడానికి, తిరుగుటపా గారికి పంపింది. పది రోజులకు ఆ పెట్టె వెనక్కి వచ్చింది. విప్పితే లోపల ఎర్ర పెన్సిలు రాత ఉంది.

"పంపినవారి చిరునామాలో వీధి పేరు లేదు. కావున పెట్టె తిప్పి పంపడమైనది. రాయి ఉంచుకోవడమైనది."