పిల్లికి నేనిచ్చిన గొంతు

నేను తెలుగు మాస్టారిని. తెలివి మాస్టారిని కానని తెలియడానికి ఒక పిల్లి కావలసి వచ్చింది.

అరకు దాటాక కొండ మీదున్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. రెండేళ్ల కిందట ఎవరో మా బడికి పంపిన పాత పుస్తకాల పెట్టెలో ఒక జపాన్ బొమ్మల కథ దొరికింది. ఇంగ్లీషులోకి మార్చిన పుస్తకం. అందులో హీరో మాట్లాడే పిల్లి. పొయ్యి మీది చేపను కాజేసి, నేరం పక్కింటి కుక్క మీదకు తోసి, పైగా ఇంటావిడకు నిజాయితీ గురించి ఉపన్యాసం ఇస్తుంది. శనివారం మధ్యాహ్నాలు ఏడో తరగతికి దాన్ని అప్పటికప్పుడు తెలుగు చేసి చదివేవాణ్ని. జపాన్ పుస్తకాన్ని వెనక నుంచి ముందుకు చదవాలట. మొదటి వారం నేను ముందు నుంచి మొదలుపెడితే, పిల్లి చేపను ముందు తినేసి తరువాత దొంగిలించింది. పిల్లలు ఏమీ అనలేదు. మాస్టారు కదా.

కథలో మనుషులకు పాఠ్యపుస్తకం తెలుగు ఇచ్చాను. పిల్లికి ఏ తెలుగు? మన సినిమాల్లో దొంగకీ, తింగరివాడికీ ఏ యాస ఇస్తారో అదే ఇచ్చాను.

"నానేటెరగను బాబో! సేప దానంతటదే నడిసెలిపోనాదీ..." అని చివరి అక్షరం సాగదీశాను.

తరగతి గొల్లుమంది. నవ్వుతూనే అందరూ మూడో వరస వైపు తిరిగారు. అక్కడ కూర్చున్నది ముంచింగిపుట్టు అవతలి ఊరి పిల్ల. మాట చివర అలా సాగదీసేది ఆ పిల్లే.

కావాలని చేయలేదని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను. ఆ ముందు వారమే ఆ పిల్ల తన అవ్వ చెప్పిన ఎలుగుబంటి కథ తరగతిలో చెప్పింది. "ఎలుగు ఏటన్నాదంటే, ఓలమ్మా, నీ సేను నాకొగ్గెయ్యే అన్నాదీ..." అంటుంటే అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. పాడేరులో జరిగే కథల పోటీకి ఆమె పేరు రాసింది నేనే. ఆ సాగదీత నా చెవిలో ఉండిపోయింది. దాన్ని తీసుకెళ్లి దొంగపిల్లి నోట్లో పెట్టాను. పిల్లికి గొంతు ఇద్దామని వెళ్లి పిల్ల గొంతు లాక్కున్నాను.

ఆమె కూడా నవ్వింది. కాబట్టి ఏమీ కాలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సోమవారానికి ఆమె పేరు మ్యావ్ అయింది. "ఓలే మ్యావ్, సేప తిన్నావేటే?" అని అన్నం వరసలో వినబడింది. వెక్కిరించిందీ ఆ యాసలోనే. ఆ బడిలో అందరిదీ అదే. నిజానికి నాదీ అదే. విజయనగరం పక్క పల్లెలో పుట్టినవాణ్ని. ట్రైనింగ్ కాలేజీలో ఎవరో నవ్వారని మాటను ఇస్త్రీ చేయించుకున్నాను. భాష పోయి భేషజం వచ్చింది. ఇప్పటికీ అమ్మ ఫోన్ చేసి "ఏటి సేత్తన్నావు నాయినా?" అంటే, తలుపేసుకుని జవాబిస్తాను.

ఆ పిల్ల తరగతిలో నోరు విప్పడం మానేసింది. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది. బుధవారం వరండాలో ఆపాను.

"తప్పు నాదేనమ్మా. నీ కథ నువ్వు చెప్పినట్టే బాగుంది. పోటీలో కూడా అలాగే చెప్పు."

ఆమె నా చెప్పుల వైపు చూస్తూ అడిగింది. "మరి మీరేల అలాగ మాట్లాడరు సార్?"

"క్లాసుకి టైమైంది, వెళ్లు" అన్నాను. అప్పటికింకా బెల్లు కొట్టలేదు.

పోటీకి వచ్చింది. మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఎలుగుబంటి ఆ స్త్రీతో ఈ విధముగా పలికెను. ఓ వనితా, నీ పొలమును నాకు విడిచిపెట్టుము" అని మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా సాగదీయలేదు. పాఠ్యపుస్తకం దగ్గర పెట్టుకుని ఒక్కో మాటా తానే మార్చుకుందట. ఎలుగుబంటి నోటీసు చదువుతున్నట్టుంది.

రెండో బహుమతి ఇచ్చారు. "ఏజెన్సీ పిల్లవైనా తెలుగు ఎంత శుద్ధంగా ఉందమ్మా! ఎవరు నేర్పారు?" అని జడ్జిగారు మైకులోనే అడిగారు.

ఆమె చెయ్యెత్తి నన్ను చూపించింది. అందరూ వెనక్కి తిరిగారు. నేను లేచి నమస్కారం పెట్టాను.