బరోలో గ్లాసులో బామ్ వాసన

మీ చాండ్లర్‌లో అప్పుడే ఎండలు మండుతున్నాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇక్కడ పిస్కాటవేలో నేనింకా స్వెట్టర్ విప్పలేదు. అయినా మొన్న శనివారం న్యూయార్క్ వెళ్లొచ్చాను, అదీ వైన్ క్లాసుకి. నవ్వకండర్రా. పాఠం చెప్పింది మీ లావణ్య అత్తే.

మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తూనే రెండేళ్లు వైన్ గురించి చదివింది కదా, ఇది తన మొదటి క్లాసు. బాగా జరిగితే నెలనెలా చెప్పిస్తానంది ఆ వైన్ షాపు యజమాని రీటా. ఆ బెంగతో నా కోడలికి ముందురోజు నుంచీ అన్నం సహించలేదు. తోడుగా నేను బయల్దేరాను.

"అత్తయ్యా, సెంటు వద్దు, పూలు వద్దు. అక్కడ అంతా వాసన మీదే నడుస్తుంది," అంది. మల్లెల మూర ఫ్రిజ్‌లోనే వదిలేశాను.

మీరెప్పుడైనా వెళ్తే ఎడిసన్ స్టేషన్ దాకా కార్లో వెళ్లి రైలెక్కండి. మేం పదింబావు రైలెక్కాం. గంట ప్రయాణం, నా వయసు వాళ్లకి సగం టికెట్టు. వెనక్కి తిరిగిన సీట్లే దొరికాయి. ఎదురుగా ఎమ్మెస్ చదివే వరంగల్ అమ్మాయి.

"అత్తాకోడళ్లు కలిసి వైన్ క్లాసుకి పోతున్నరా! మా ఇంట్ల అయితే పంచాయితీ అయితుండె."

"ఈవిడ తాగరమ్మా, నాకు కాపలా," అంది లావణ్య.

నేను పులిహోర తిన్నాను, తను డబ్బా ముట్టలేదు. వెనక్కి పరిగెత్తే రైల్లో నాకు తల దిమ్మెక్కింది. షాపుకి చేరగానే బాత్రూమ్‌లో దూరి కణతలకీ మెడకీ బామ్ దట్టంగా పట్టించాను. సెంటు కాదు కదా, మందు. వచ్చి ముందు వరసలో కూర్చున్నాను.

ఒంటిగంటకి క్లాసు మొదలైంది. ఇటలీకి వాయవ్య మూల, ఆల్ప్స్ కొండల కింద పియెమోంతే. పేరుకి అర్థమే కొండ అడుగున అని. ద్రాక్ష కోసే రోజుల్లో అక్కడ పొగమంచు దిగుతుందట, నెబ్బియోలో అనే ద్రాక్షకి ఆ మంచు పేరే పెట్టారంటారు. దానితో చేసి ఏళ్ల తరబడి ఆగనిచ్చేది బరోలో. పుల్లగా ఉండే బార్బెరా రోజూ భోజనంలోకి. తియ్యగా, బుడగలతో ఉండేది మోస్కాతో. నాకు అర్థమైంది ఇంతే: బార్బెరా మన చారు లాంటిది, బరోలో పండగ వంట.

బరోలో పోశారు. "ఏం వాసన వస్తోంది?" అని ఇంగ్లీషులో అడిగింది లావణ్య.

"మెంథాల్!" అన్నాడు నా పక్కాయన. "యూకలిప్టస్," అంది వెనకావిడ.

లావణ్య తన గ్లాసు రెండుసార్లు వాసన చూసింది. అవునంటే సరిపోయేది. "నాకు మాత్రం రావడం లేదు," అని నిజమే చెప్పింది. ఈ అమ్మాయికేం తెలుసన్నట్టు మొహాలు చూసుకున్నారు. వెనక రీటా చేతులు కట్టుకుని నిలబడింది.

అప్పుడు తట్టింది నాకు. సిగ్గేసింది గానీ లేచాను. "అమ్మాయ్, ఆ వాసన నాదే. బామ్ రాసుకున్నాను."

లావణ్య నన్నే చూసింది. తర్వాత ఒక్క ముక్క దాచకుండా ఇంగ్లీషులో చెప్పేసింది. పక్కాయన నా వైపు వంగి ముక్కు ఎగబీల్చి పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. రీటా తలుపులు బార్లా తెరిచింది. నేను సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాను.

మళ్లీ గ్లాసులు తిప్పారు. "గులాబీ," అన్నాడు ఆయనే. "రోడ్డు తారు," అంది వెనకావిడ. లావణ్య మొహం విప్పారింది, బరోలో గుర్తులు అవేనట. నా దగ్గరికీ ఓ గ్లాసు తెచ్చింది. నిజమే, ఎండిన గులాబీ రేకులు, వెనకాల తారు. తాగలేదు, మీ అమ్మకి చెప్పండి.

వెళ్లేటప్పుడు రీటా వచ్చే నెల తారీఖు ఇచ్చింది. "మీ అత్తగారినీ తీసుకురా. ఆ బామ్ డబ్బా మాత్రం ఇంట్లో పెట్టు," అందట.

నాలుగున్నర రైలు. సీట్లు మళ్లీ వెనక్కే. మిగిలిన పులిహోరంతా లావణ్యే ఊడ్చేసింది. నేను కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాను, సంచీ జోలికి పోలేదు. తనే అందులో చెయ్యి పెట్టి డబ్బా తీసింది.

"క్లాసు అయిపోయింది కదా అత్తయ్యా," అని తన వేళ్లతోనే రాసింది.

ఎదురు సీట్లో పెద్దమనిషి ముక్కు ఎగబీల్చాడు.

"మెంథాల్," అన్నాను నేను.