లేని బల్లి

మొన్న మిర్యాలగూడ బస్సులో పక్కాయన టిఫిన్ డబ్బా మూత తీశాడు. సాంబారు వాసన. అందరికీ ఆకలి వేస్తుంది, నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. సూర్యాపేటలో మా చిన్న పత్రిక డెస్కు చూసేది ఆవిడే; మిర్యాలగూడ నుంచి వార్తలు పంపేది నేను. వానపాము కనిపిస్తే కొండచిలువ అని చెప్పే నోరు నాది. దాన్ని అదుపులో పెట్టింది మేడం ఒక్కరే.

ఓసారి మాడుగులపల్లి వైపు ఒక హాస్టల్లో పిల్లలకు కడుపునొప్పి వచ్చింది. సాంబారులో బల్లి పడిందని ఛాయ్ హోటల్లో ఎవరో అన్నారు. నేను దాన్ని జానెడు బల్లిని చేసి పంపాను. మొదటి పేజీలో వచ్చింది. ఆ సాయంత్రమే వంటమనిషి మరియమ్మను పనిలోకి రావద్దన్నారు. నాలుగు రోజులకు తేలింది, తప్పు సాంబారుది కాదు, ట్యాంకు నీళ్లదని. మేడం ఫోన్ చేశారు.

"బల్లిని నువ్వు సూసినవా?"

"లేదు మేడం. అందరూ అనుకుంటుంటే..."

"జానెడని రాసినవ్ గదా. కొలిసింది ఎవరు?"

నేను ఛాయ్ హోటల్ పేరు చెప్పాను.

తప్పు దొర్లితే లోపలి పేజీ మూలన రెండు ముక్కల సవరణ వేయడం మా అలవాటు. యజమాని అదే చాలన్నాడు. మేడం ఒప్పుకోలేదు. అదే మొదటి పేజీ, అదే చోటు, అంతే లావు అక్షరాలు: 'బల్లి లేదు. మా విలేకరి చూడకుండా రాశాడు.' కింద నా పేరు. ఆ పేపరు పట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని మరియమ్మ ఇంటికి వచ్చారు. నాలుగిళ్ల వాళ్లను పిలిచి నా చేతే చదివించారు.

మరియమ్మ అంతా విన్నది. "మంచిగనే రాసిండ్రమ్మా. సోమవారం సంది పనికి రమ్మన్నరు గూడ. గని పిల్లలు నన్ను బల్లక్క అంటున్నరు. గదెట్ల దిద్దుతరు?"

మేడం ఆ పేపరు మడిచి ఆమె చేతిలో పెట్టారు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి అన్నారు: "ఇన్నేండ్ల సంది దిద్దుతనే ఉన్న. కాగితం మీదనే అయితది. యాష్టకొచ్చిందయ్యా. ఏటేటా కొత్త పిల్లలొస్తరు, నువ్వే పోయి చెప్పు."

"ఎన్నేండ్లు మేడం?"

"ఆమెను పేరు పెట్టి పిలిసేదాంక."

మేడం ఇప్పుడు లేరు. జూన్‌లో హాస్టల్ తెరవగానే నేను వెళ్తూనే ఉన్నాను. మూసీలో మొసలికి పళ్లు తోమిన కథ చెబితే పిల్లలు నోళ్లు తెరుచుకొని వింటారు. ఆ తర్వాత బల్లి సంగతి చెబుతాను, ఒక్క మాట కలపకుండా. ఈసారి ముందు వరుసలో ఓ పాప కిసుక్కున నవ్వింది. "సారు, మొసలి ముచ్చట నిజమే గని, గిది మాత్రం నువ్వు కల్పించినవ్."

అంతలో వెనక నుంచి ఎవరో "బల్లక్కా, ఇంకింత అన్నం" అని కేకేశారు. "ఆఁ, వస్తున్న బిడ్డా" అని మరియమ్మ పలికింది. వచ్చే జూన్‌లోనూ వెళ్లాలి.