కారులో ఇరుక్కున్న ఇంగ్లీషు పాటలు

మహూజ్‌ పేటలో ఉండే ఒక ఇంగ్లీషు టీచరమ్మ తన దేశం వెళ్లిపోతూ అమ్మిన పాత కారును నేనూ, నా రూమ్మేటూ కలిసి కొన్నాం. నాది జగిత్యాల వైపు, అతనిది నిజామాబాద్. మా ఊళ్లవాళ్ల లెక్కలో ఇద్దరమూ దుబాయిలోనే ఉన్నాం. నిజానికి ఉన్నది బహ్రెయిన్లో. అతన్ని భాయ్ అనేవాణ్ణి.

తాళాలు ఇస్తూ ఆవిడ ఒక సంగతి చెప్పింది. ప్లేయర్లో ఒక సీడీ ఇరుక్కుపోయిందట, బయటికి రాదట, రేడియో కూడా పలకదట. ఇంగ్లండులో తనతో చదువుకున్నవాళ్ల బ్యాండు చేసిన ఆల్బమ్ అది. ట్యూన్లన్నీ హుషారు, మాటలన్నీ ఏడుపే అని నవ్వింది. పేరు కూడా చెప్పింది గానీ గదికి చేరేలోపే మరిచిపోయాం.

ఇక జింజ్‌లో నా డ్యూటీకీ, నయీమ్‌లో మా గదికీ మధ్య రోజూ అవే పాటలు. సన్నటి గిటార్లు, ముద్దుముద్దుగా పాడే ఒక అమ్మాయి, చివరి పాటలో ఎవడో ట్రంపెట్. వారం తిరక్కముందే నాకు మొహం మొత్తింది. ఆపమంటే భాయ్ వింటేగా. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆల్బమంతా అతనికి నోటికి వచ్చేసింది. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్లు చూస్తుంటే నాకు తల తీసేసినట్టుండేది. అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

పోయిన ఏడాది భాయ్ సెలవు మీద ఇంటికి వెళ్లాడు. అతను అక్కడుండగానే ఇక్కడ అతను పనిచేసే బట్టల దుకాణం మూతబడింది, వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, దాన్ని రద్దు చేయించాడు. కొత్త వీసా చూసుకుంటున్నానని ఫోన్లో చెప్పాడు. సెలవుకు వెళ్లినవాడి మంచం ఎవరికీ ఇవ్వకపోవడం మా గదుల్లో ఆనవాయితీ. పరుపు మీద దుప్పటి కప్పి ఉంచితే వాడు తిరిగొస్తాడని అర్థం. సెలవు గడువు దాటాక గదిలోవాళ్లు గొణగసాగారు. నేను మొండికేశాను. అతను లేని గది నాకు గదిలాగే లేదు, అతను రావాలి, అంతే.

ఈ ఎండాకాలం కారు ఏసీ చెడిపోతే మెకానిక్ డ్యాష్‌బోర్డు విప్పాడు. పనిలో పనిగా ప్లేయర్ కూడా విప్పితే సీడీ బయటికొచ్చింది. దాని మీద పేరుంది. ఫోన్లో వెతికితే ఆల్బమంతా దొరికింది. భాయ్‌కి వీసాయే దొరికినంత సంబరంగా లింకు పంపాను.

సాయంత్రం ఫోన్ చేశాడు. ఇప్పుడు అక్కడ ఆటో తోలుతున్నాడు, ఆటోలోనే విన్నాడట. గొంతులో హుషారు లేదు. మూడో పాట విన్నావా అని అడిగాడు.

మా కారులో ఆ పాట నడుమ సీడీ మీద గీతలుండి, కాసేపు చప్పుడు పోయేది. ఆ ఖాళీలో భాయ్ వచ్చీరాని ఇంగ్లీషూ ఉర్దూ కలిపి తన సొంత రాగం అందుకునేవాడు. పాట తిరిగి మొదలయ్యే వేళకు సరిగ్గా ఆపేవాడు. నేనెంత విసుక్కున్నా, ఆ పాటంటే నాకు అతని గొంతే.

"నేను నోరు తెరిచిన అన్నా. ఆమె ఆగలే," అన్నాడు.

నేను మాట మార్చి వీసా సంగతి అడిగాను. అతను ఆటో ఇంజను ఆపేశాడు.

"ఇగ నేను వచ్చుడు లేదన్నా. ఎప్పటిసందో ఎరికే నాకు. నువ్వు మంచం పట్టుకొని కూసున్నవని చెప్పబుద్ధి కాలే."

ఇన్నాళ్లూ నన్ను వెర్రివాణ్ణి చేశాడని ఒళ్లు మండింది. తిట్టబోతే ఏడుపొచ్చింది. అవతల అతనూ ఏడుస్తున్నాడు.

మర్నాడు మంచం కొత్తవాడికి ఇచ్చేశాను. కారులో ఇప్పుడు ఆ ఆల్బమ్ ఫోన్లోంచి వస్తుంది. మూడో పాట సగానికి రాగానే సౌండు పూర్తిగా తగ్గిస్తాను. అక్కడ ఎవరూ పాడరు.