రేడియేటర్‌లో తాత

మా చిన్నప్పుడు... లక్సెట్టిపేట నుంచి కాశీకి కారులో బయలుదేరాం. బాపు కొన్న పాత కారు. నాన్నని బాపు, అమ్మని అవ్వ అంటాం మా వైపు. ముందు బాపు, అవ్వ... వెనక నేను, బాపు తల్లి బాపమ్మ, మా మధ్య సకినాల డబ్బా. బాపమ్మ ఒళ్లో మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు. తాత అస్థికలు కలిపిన ధర్మపురి రేవులో ముంచిన గోదారి నీళ్లు అవి. కాశీ చూడాలనుకుంటూనే కన్నుమూశాడు తాత. ఆ నీళ్లు అక్కడి గంగలో కలిపితే ఆయన చూసినట్టేనని బాపమ్మ నమ్మకం.

నాకేమో అన్నీ వింతే! ఆదిలాబాద్ దాటి కాస్త దూరం పోగానే బోర్డుల మీద అక్షరాలు మారాయి... ఆడవాళ్ల చీరకట్టు మారింది... నాగపూర్ దాటాక మట్టి కూడా మారినట్టనిపించింది. తడిపితే మన మట్టి వాసనే వస్తుందా? ఛాయ్ కోసం ఆగినప్పుడు రేడియేటర్ కోసం బాపు పెట్టిన డబ్బాలో నీళ్లన్నీ రోడ్డు పక్కన గుమ్మరించి, వంగి వాసన చూశాను. అదే వాసన! నా సంబరం ఇంతా అంతా కాదు.

ఆ సంబరం గంటసేపే. అడవి మధ్య ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కారు ముందు నుంచి బుస్సుమని ఆవిరి... రేడియేటర్ మరిగిపోయింది. బాపు నీళ్ల డబ్బా ఎత్తి చూస్తే ఖాళీ. తలవంచుకుని నిజం చెప్పేశాను. బాపు చెయ్యెత్తాడు.

"పోరిని అనకు" అంటూ బాపమ్మ చెంబు మూతి గుడ్డ విప్పింది. "గివి పోయ్ కొడుకా."

"గవి బాపు కోసం తెచ్చిన నీళ్లు గదనే అవ్వా!" బాపు చెంబుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయితేంది? గీ అడివిల కూసుంటే మీ బాపు కాశికెట్ల పోతడు? బతికినన్ని దినాలు కారెక్కలే... గిప్పుడు గాయినే నడిపిస్తడు తియ్."

వేడి తగ్గాక బాపు చుక్క కింద పడకుండా పోశాడు. కారు కదిలింది. తర్వాతి ఊళ్లో మిగతా నీళ్లు నింపారు. నేను మాత్రం తాతను నేనే పోగొట్టానని దారి పొడుగునా కుమిలిపోయాను.

కాశీలో దిగగానే బాపమ్మ ఖాళీ చెంబు బాపు చేతికిచ్చింది. రేడియేటర్ అడుగు బిరడా విప్పితే తుప్పు రంగు నీళ్లు, ఇంకా గోరువెచ్చగా, చెంబులోకి దిగాయి. వాటినే గంగలో పోసి "చూస్తివా... వచ్చినం" అంది తాతతో. అప్పుడు గానీ నా ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు అద్దాలు ఎత్తేసి, ఫోన్ చెప్పిన దారిలో పోతున్నాం... ఏ మట్టి దగ్గరా ఆగం. అయినా ఎవరైనా బానెట్ ఎత్తితే నేనొకసారి తొంగి చూస్తాను... తాత ఉన్నాడేమోనని.

మీ కార్లో మీతో పాటు ఎవరెవరు ప్రయాణం చేశారు... చెప్పరూ?