ఆమె నింపిన తూటాలు

నా భార్య పోయిన నాలుగు నెలలకు బేస్‌మెంట్‌లో ఆమె పనిబల్ల సర్దడానికి దిగాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి వచ్చినవాళ్లు ఆ బల్ల చూసి నవ్వేవారు. రంగుల కంపెనీలో కెమిస్టు, ఇంట్లో రైఫిల్ తూటాలు తానే నింపుకునేది. ఏ జంతువునూ కాల్చలేదు. కాగితం మీద ఐదు రంధ్రాలు ఒకేచోట పడితే ఆమెకు చాలు.

గుండు వేగం కొలిచే యంత్రం కొనలేదు. వంద గజాల దగ్గర ఒక కాగితం, రెండు వందల దగ్గర మరొకటి పెట్టి, గురి మార్చకుండా కాల్చేది. గుండు ఎంత కిందికి దిగిందో కొలిచేది. దాన్నిబట్టి వేగం లెక్క కట్టడం నా పని. రైఫిల్ మీది దుర్భిణి, తుపాకీ గొట్టానికి ఒకటిన్నర అంగుళం పైన ఉంటుందన్న సంగతి ఒకసారి మరిచిపోయాను; వేగం ఎక్కడికో పోయింది.

"ఏమండీ, నా గుండుకి జెట్ ఇంజన్ పెట్టారా?" అంది నా లెక్క చూసి.

చివరి ఏడాది జబ్బు భుజం ఎముకకు పాకింది. రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బ తగ్గాలని తూటాల్లో పోసే పౌడర్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. తగ్గించిన ప్రతిసారీ తూకం, వేగం నోటుబుక్కులో రాసేది.

బల్ల మీద ఇరవై తూటాల పెట్టె ఒకటి మిగిలింది. దాని మీద నింపిన నెల పేరు మాత్రమే ఉంది. తూకం లేదు, నోటుబుక్కులోనూ లేదు. వాటిని నేనే కాల్చాలనుకున్నాను. ఆమె మొదలుపెట్టిన పని ఏదో ఒకటి నా చేతుల్లో పూర్తి కావాలనిపించింది. ఆమెకు ఈ విద్య నేర్పిన రిటైర్డ్ డాక్టర్ గారి దగ్గరికి పెట్టె తీసుకెళ్లాను.

"వద్దయ్యా. ఒకరు నింపినవి ఇంకొకరు కాల్చరు. మా రేంజ్‌లో అందరిదీ అదే రూల్."

"ఆమె ఎంత జాగ్రత్త మనిషో నాకు తెలుసు కదా, డాక్టర్ గారూ."

"నీకు తెలుసు. రైఫిల్‌కి తెలీదుగా! పౌడర్ ఎక్కువైతే మొహం మీద పేలుద్ది. మరీ తక్కువైతే గుండు బ్యారెల్‌లో స్టక్ అవుద్ది. ఎంత పోసిందో రాసిందా?"

"లేదు."

"మరి? ఓపెన్ చేసేద్దాం, కూర్చో."

సుత్తిలాంటి పనిముట్టులో తూటా బిగించి ఆయన నేలకేసి కొట్టారు. గుండు ఊడింది. పౌడర్‌ను త్రాసులో పోశారు. నోటుబుక్కులోని చివరి తూకం కన్నా బాగా తక్కువ. రెండోది విప్పారు, మూడోది విప్పారు. అలా తొమ్మిది విప్పారు. తొమ్మిదీ ఒకే తూకం.

ఆయన కళ్లజోడు తీశారు.

"ఇంత తగ్గిస్తే రెండొందల గజాల దగ్గర గ్రూప్ రాదని, ఐదూ ఒకేచోట పడవని అమ్మాయికి తెలుసు. అయినా తగ్గించింది. షోల్డర్ అంత పెయిన్‌గా ఉందని నీతో చెప్పలేదా?"

"పెట్టె మీదున్న ఆ నెలలోనే నొప్పి తగ్గిందని చెప్పింది."

పెట్టెలో ఇంకా పదకొండు ఉన్నాయి. సుత్తి నేను తీసుకున్నాను.