ఆ అనివార్య కారణం పేరు మంజుల

నిన్న పొద్దున పూజలో ఉన్నాను. హారతి ఇంకా ఆరలేదు. మక్తల్ నుంచి మేనకోడలు కావ్య ఫోన్.

"అత్తమ్మా, అమ్మ పార్సిళ్ల కాడ పడిపోయింది. పిలిస్తె పలుకుతలేదు."

నాకు బుర్ర పనిచేయలేదు. ముఖం మీద నీళ్లు చల్లమని చెప్పి బయలుదేరాను. మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో ఉండగానే తమ్ముడు ఫోన్ చేశాడు.

"తొందరేం లేదక్కా. నిమ్మళంగ రా."

ఆ ఒక్క మాటతో అంతా తెలిసిపోయింది.

మంజుల మా తమ్ముడి భార్య. నలభై మూడేళ్లు. చీరలు ప్యాక్ చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూలిపోయింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

నేను గొంతు పెంచే మనిషిని కాదు. ఇది చదివే మీకందరికీ తెలుసు.

ఈ రోజు మాత్రం ఊరుకోలేను.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు అయ్యాయి. స్నానాలు చేసి తలలు ఇంకా ఆరలేదు, మా దుకాణం పేజీలో ఒక పోస్ట్ పడింది.

"అనివార్య కారణాల వల్ల ఈ వారం లైవ్ ఉండదు. కస్టమర్లు సహకరించగలరు."

అనివార్య కారణాలు.

ఆమెకు ఒక పేరుంది.

లాక్‌డౌన్‌లో మా నాయిన పెట్టిన దుకాణం షట్టర్ దించితే, లోపల నారాయణపేట చీరలు కట్టలు కట్టలుగా ఉండిపోయాయి. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. మంజుల ఒక స్టూలును టేబుల్ మీద బోర్లించి, దాని కాలికి ఫోన్ కట్టి, కింద చీర పరిచి లైవ్ పెట్టింది.

కెమెరాలో పడేది చీర, ఆమె రెండు చేతులు. అంతే.

ముఖం కనబడకూడదని షరతు. ఇంటి కోడలు పదిమంది ముందు ముఖం పెట్టుకుని నిలబడితే పరువేం కావాలని తమ్ముడి బాధ.

మొదటి ఆర్డర్ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. బోణీ నోటును కళ్లకు అద్దుకోవడం మా ఇంట్లో అలవాటు. ఇక్కడ నోటు లేదాయె. మంజుల ఫోన్‌నే కళ్లకు అద్దుకుంది. దాని వెనక కుంకుమ బొట్టు కూడా పెట్టింది. మేము పడీ పడీ నవ్వాం.

ఏ చీరైనా ముందు వెనకవైపు తిప్పి చూపించేది. "ముందుగాల ఎనక చూడుండ్రి. ఇగో, గీడ పోగు ముడివడ్డది. ఇష్టమైతెనే తీస్కోండ్రి" అనేది. అట్లా చెబితే ఎవరు కొంటారని తమ్ముడు తల పట్టుకునేవాడు. ముడి ఉన్న చీరే ముందు పోయేది.

ఆమె ఎడమ మణికట్టు మీద చిన్న పువ్వు పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు జాతరలో వేయించుకున్నది. ముఖం తెలియదు, పేరు తెలియదు కాబట్టి కస్టమర్లు ఆమెను పచ్చబొట్టక్క అన్నారు.

వ్యాపారం పెరిగాక తమ్ముడు హైదరాబాద్ నుంచి ఒక మోడల్ అమ్మాయిని తెచ్చాడు. లైటింగ్, మేకప్, అన్నీ. కామెంట్లలో ఒకటే ప్రశ్న, "పచ్చబొట్టక్క యాడికి పోయింది?" మూడో రోజుకు మళ్లీ అదే స్టూలు, అవే చేతులు.

దుకాణం మీద రెండో అంతస్తు లేచింది. కొత్త బోర్డు మీద నాయిన పేరు, తమ్ముడి ఫొటో ఉన్నాయి. మంజుల ఎక్కడా లేదు.

పోయిన ఏడు నన్నొకసారి పక్కకు పిలిచి అడిగింది.

"ఒక్కసారి మొఖం చూపియ్యనా వదినె? మంచి చీర కట్టుకొని నిలవడ్త. ఒక్కసారే."

"వద్దు బిడ్డా, దిష్టి తగుల్తది. దేవుడు ఇచ్చింది చాలు" అన్నాను.

మెత్తగా అన్నాను. నేను అన్నీ మెత్తగానే అంటాను కదా. మెత్తగా చెబితే ఎదురు చెప్పడం కష్టం.

నవ్వి చీర మడత పెట్టుకుంది.

నాకు దిష్టి భయం లేదు. చుట్టాల నోళ్ల భయం. దానికి దేవుణ్ని అడ్డం పెట్టుకున్నాను. తమ్ముడి మీద ఎంత కోపమో నా మీద అంతకు రెండింతలు.

ఇక ఆ చుట్టాలు. ఉత్త చేతులు కనబడినందుకే ఫ్యామిలీ గ్రూపులో "మక్తల్ హీరోయిన్" అని ఎగతాళి చేసినవాళ్లు, నిన్నటి నుంచి అదే గ్రూపులో వరసగా దండాలు పెడుతున్నారు. ఆ దండాలు మీ దగ్గరే ఉంచుకోండి.

అసలు మాట ఇంకా చెప్పలేదు.

పేజీలో మంజుల పేరు పెట్టరా అని నిన్న తమ్ముడిని అడిగాను. వాడు ఏడుస్తూనే అన్నాడు, "ఎందుకక్కా? కావ్య చెయ్యి అచ్చం దాని చెయ్యి లెక్కనే ఉంటది. గా పచ్చబొట్టు ఒకటి ఏపిస్తె కస్టమర్లకు తేడా తెల్వది."

కావ్య పక్కనే కూర్చుంది. చెయ్యి చున్నీ లోపలికి లాక్కుంది.

యాభై ఏళ్లలో మొదటిసారి నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"దాని చెయ్యి కాలిపోయిందిరా. ఇంకొకటి తయారు చేస్తవా?"



దుకాణం పేజీలో ఆ పోస్ట్ కింద రాశాను, "పచ్చబొట్టక్క పేరు మంజుల. నిన్న చనిపోయింది" అని. తమ్ముడు డిలీట్ చేశాడు. మళ్లీ రాశాను. మళ్లీ చేశాడు. మూడోసారి రాసినది ఇప్పటికైతే ఉంది. అది కూడా పోతే ఇక్కడిది ఉంటుంది. ఇది నా ఫేస్‌బుక్ గోడ.

కింద ఫొటోలో ఉన్నది ఆ చెయ్యి. పక్క ఫొటోలో ఉన్నది ఆమె ముఖం. చూడండి. మా దగ్గర ఎప్పుడైనా చీర కొన్నవాళ్లు మీకు తెలిసి ఉంటే వాళ్లకు కూడా చూపించండి.

కావ్యా, నువ్వు లైవ్ చేస్తే చెయ్యి, లేకపోతే లేదు. చేస్తే మాత్రం నీ ముఖంతో, నీ పేరుతో. నీ చేతి మీద సూది పడనివ్వను.

పోయిరా మంజులా. అక్కడ దేవుని ముందు తల ఎత్తి నిలబడు, ఎవ్వరినీ అడగకు. నేను అడ్డం రాను.

ఆయన దగ్గరన్నా నిమ్మళంగా ఉండు బిడ్డా.